పోకా రాకా

బిష్కెక్ నుంచి ఫోను.
"బూరుల్, నిన్న రాత్రి భూకంపం పడమటి లోయలో పుట్టింది.
మీ స్టేషను లెక్క కలిపితే మాత్రం
రెండు కిలోమీటర్లు మీ వైపు జరుగుతోంది.
తీసేస్తే బుద్ధిగా దాని చోటికి వెళ్ళిపోతోంది."

అనుమానం నా మీద కాదట,
నా గడియారం మీదట.
ఈ ఎత్తులో, మార్చి మంచులో,
ఆ రెండూ వేరని నాకనిపించదు.

అడిగాను కంప్యూటరుని: ఎంత తేడా ఉన్నావు?
రెండు మిల్లీసెకన్లు, అంది నిబ్బరంగా.

సోమ్ బిళ్ళంత బ్యాటరీ తీసి కొత్తది పెట్టాను.
నూట ఇరవై మూడో పోర్టు తట్టి చూశాను,
తలుపు తెరిచే ఉంది.
టైమ్ సర్వర్లు మార్చాను,
అల్మాటీది, ఫ్రాంక్‌ఫర్ట్‌ది,
పేరు పలకలేని ఇంకెక్కడిదో.
ముగ్గురిదీ ఒకటే మాట.
ముగ్గురు సాక్షులు ఒక్క మాట మీదుంటే
ఏ కోర్టుకైనా చాలు.

ఒస్మొనాలీ టీ తెచ్చాడు.
ఇప్పుడు కాపలాదారు,
అంతకుముందు నలభై ఏళ్ళు గొర్రెల వెనక.
"ఏమంటోంది పెట్టె?"
చెప్పాను:
టైమెంత అని ఇది కబురు పంపుతుంది,
జవాబు దారిలోనే పాతబడుతుంది,
అందుకని పోయివచ్చిన కాలమంతా లెక్కేసి
అందులో సగం కలుపుకుంటుంది.
"సగమెందుకు?"
పోవడానికెంతో రావడానికీ అంతే కదా, అన్నాను.

గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు,
ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేలా.
"దీన్ని చేసినవాడు కొండెక్కలేదు పాపం.
మేతకి మంద ఎక్కడానికి నాలుగు రోజులు,
దిగడానికి రెండు.
నా గుర్రాన్నడుగు."

గుర్రాన్ని అడగలేదు.
లింకు చూసే తైర్బెక్‌ని అడిగాను.
గంట తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు:
"అక్కా, మంచుచరియ మీ డిష్‌ని వంచిన దగ్గర్నుంచి
మీ కబుర్లు టవర్ల మీదుగా పోతున్నాయి,
జవాబులు శాటిలైట్ చుట్టి వస్తున్నాయి.
ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు.

పోవడానికి నలభై మిల్లీసెకన్లు,
రావడానికి ఆరువందల నలభై.
సగం చేసి, సమానమనుకుని,
నా గడియారం మూడువందలు వెనక్కి నడిచింది.
రెప్ప మూసి తెరిచేంత.
ఆ రెప్పపాటులో
రాతి కడుపులో అదురు
దాదాపు రెండు కిలోమీటర్లు పరుగెడుతుంది.

సాక్షులు ముగ్గురూ నిజమే చెప్పారు.
ఒకే దారిన వచ్చారు,
ఒక్కలాగే ఆలస్యమయ్యారు.

కప్పు మీద జీపీఎస్ యాంటెన్నా బిగించాను.
నిచ్చెన ఒస్మొనాలీ పట్టుకున్నాడు,
గాలిని ఏదో తిట్టాడు, నాకు సగమే వినబడింది.
పచ్చ దీపం సెకనుకోసారి మిణుకుమంది.
గడియారాన్ని ఒక్క గెంతులో ముందుకు తోయలేదు,
సెకనుకి అర మిల్లీసెకను చొప్పున నడిపించాను.
పది నిమిషాలు పట్టింది,
ఒక కెటిల్ టీ.

అయిపోలేదు.
చరియ పడిన నాటి నుంచి
నేను రాసిన ప్రతి అదురూ ఒక రెప్ప ముందుంది.
ఏ రాత్రి నుంచి దిద్దమని చెప్పను?
తైర్బెక్ దగ్గర తేదీ లేదు,
కంప్యూటరుకి తను తప్పిందనే తెలియదు.

"మా కుక్క తిరిగి రాని రాత్రి," అన్నాడు ఒస్మొనాలీ,
గోడ క్యాలెండరు వైపు చూడకుండానే.
"నవంబరు తొమ్మిది."
ఎన్నింటికి?
"పొయ్యిలో రెండోసారి పిడకలు వేశాక."

దిద్దుబాటు కాగితంలో రాశాను:
నవంబరు తొమ్మిది, రాత్రి తొమ్మిది, సుమారు.
ఆధారం అన్న గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
కుక్క పేరు అడిగాను.