ఏడు లీటర్లు

వేలంల దొరికిన అంబులెన్సు మాది.
సైరను పీకిన చోట రేకుమూత పెట్టి, సిలికాన్ పూసి,
స్ట్రెచర్ జారే పట్టాల మీదనే పరుపు పరిచి
క్యాంపర్ వ్యాన్ అని పేరు పెట్టుకున్నం.
గట్టి వానొస్తె ఆ మూత ఇంకా ఏడుస్తది.

కిందటిసారి మూసాపేట షోరూముకే తీస్కపోయిన.
టై కట్టుకున్న పిల్లగాడు, ప్రణీత్ అట,
పలక అసొంటి ట్యాబ్ మీద వేలితో గీసుకుంట
"ఫ్లష్ చేద్దాం మేడం, అడిటివ్ వేద్దాం మేడం,
లక్ష దాటిన బండి కదా మేడం" అన్నడు.
తెల్వని ప్రతి మాటకూ తల ఊపిన.
అద్దాల గది, ఏసీ, పంచదార ఎక్కువైన కాఫీ.
అద్దం అవతల నా బండి లిఫ్టెక్కి
ఎవరెవరి నెత్తుల మీదనో కడుపు చూపిస్తున్నది.
"కస్టమర్లు లోపలికి రావద్దు."
ఆస్పత్రిల నేనతికించిన బోర్డూ అసొంటిదే:
శాంపిల్ ఇచ్చి బయట కూసోండ్రి.
ముప్పై ఒక్క ఏండ్లు ల్యాబ్‌ల నెత్తురు చూసిన దాన్ని,
బయట కూసునుడు ఎట్లుంటదో ఆ పూటనే తెల్సింది.

దొంగపని ఒకటి చేసిన.
పాత ఫిల్టరు మీద ముందే
గోళ్ళరంగుతోని ఎర్ర చుక్క పెట్టిన.
ఇంటికొచ్చి టార్చి కొట్టి చూస్తె
చుక్క లేదు. ఫిల్టరు కొత్తదే.
ఆరువేల ఎనిమిది వందల నలభై, పైసకు పైస నిజం.
మోసం దొరికితే బాగుండేది,
కోపంతోని నేనే చేస్కునేదాన్ని.
ఇప్పుడేం సాకు చెప్పాలె?

కమలాకర్ అడగనే అడిగిండు:
"వాళ్ళు మంచిగనే చేస్తుంటె నీకేం రోగం?"
రోగమే.

రాణీగంజుల ఏడు లీటర్ల డబ్బా, ఫిల్టరు,
అర్ధరూపాయి బిళ్ళంత రాగి వాషరు.
గౌస్ భాయ్ వాషరును కాయిదంల చుట్టి,
"పాతది మళ్ళ ఎయ్యకమ్మా,
అది ఒక్కసారే నలుగుతది" అన్నడు.

ఆదివారం పొద్దున మా మౌలాలి గల్లీల
పది నిమిషాలు ఇంజను తిప్పి, టైర్లకు రాళ్ళు పెట్టి,
పాత ఫ్లెక్సీ పరుచుకొని కిందికి జారిన.
ఎవరిదో జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ,
నా తల సరిగ్గా ఆయన మీసాల మీద.
ఎడమకా, కుడికా?
కిందికెల్లి చూస్తె దిక్కులు తారుమారైతయి.
పదిహేడు నంబరు పానా జారి ముక్కుకు తగిలింది.
పై వాటా పిల్లలు వంగి చూసి ఒకటే కేక:
"ఆంటీ బండి కింద పడ్డది!"

ప్లగ్గు ఊడింది.
మోచేతి దాకా వెచ్చగ, నల్లగ దుంకింది.
రెండు వేళ్ళ నడుమ రుద్ది చూసిన, అలవాటు పోదు కద.
గరుకు లేదు, ఇనుప తళుకు లేదు.
ఎవరెవరిని మోసుకొని ఎన్ని రాత్రులు ఉరికిందో ఈ బండి.
ఆ నూనె కాదిది, తెల్సు, అది ఎప్పుడో పోయింది.
అయినా ధార సన్నబడి
చుక్కలైందాక నేను మాట్లాడలె.

ఖర్చా? పానాలు, గరాటు, ట్రే కలుపుకుంటె
షోరూము బిల్లుకు మూడొందలు ఎక్కువే.
కమలాకర్‌కు తక్కువ చెప్పిన.

పాత నూనె మోరీల పొయ్యబుద్ధి కాలె.
గల్లీ మూలకు లేస్తున్న అపార్ట్‌మెంటుకు మోసుకపోయిన.
సెంట్రింగు బిచ్చప్ప రెండు చేతుల అందుకున్నడు,
చెక్కలకు పూస్తె కాంక్రీటు అంటుకోదట.
నాలుగో అంతస్తు స్లాబు
మా అంబులెన్సు నూనె మీద ఆరుతున్నది.

తెల్లారి చూస్తె బండి కింద
ఒక్క చుక్క.
ప్లగ్గుదా? తుడువంగ మిగిలిందా?
చాక్‌పీసుతోని చుట్టూ గుండ్రం గీసిన.
మర్నాడు గుండ్రం నిండలె.
మూడోనాడూ నిండలె. ఆరను కూడ ఆరలె.

సర్వీసు బుక్కుల అంబులెన్సు నాటి ముద్రలు ఆరు,
ఏడోది మూసాపేటది, నీలంది.
ఎనిమిదో గడిల తారీకు రాసి, కిలోమీటర్లు రాసి
సంతకం కాడ ఆగిన.
వేల రిపోర్టుల కింద పెట్టిన సంతకమే.
పెట్టిన.
పక్కన నల్లటి వేలిముద్ర
దానంతట అదే పడ్డది.

శనివారం అనంతగిరి పోతున్నం.
చాక్‌పీసు డ్యాష్‌బోర్డుల ఉన్నది.