ఆరింటికి

నెల్లూరు దర్గామిట్టలో, మిద్దె మీద ఒక తెల్లగది.
మా నాయనకి అక్కడ ఇరవై రోజులు
బ్రాందీ మీద అసహ్యం నేర్పారు.
ముందు సూది. తర్వాత
స్టీలు గ్లాసులో రెండు గుక్కలు.
నీలం బేసినులోకి పేగులు తెగేట్టు వాంతి.
పొద్దునొకసారి, మాపటికొకసారి,
ఎక్కాలు వల్లె వేయించినట్టు.

ఇరవై ఒకటో రోజు గ్లాసు చూపిస్తే
చెంచురామయ్య మొహం తిప్పుకున్నాడు.
"నేర్చుకున్నాడమ్మా" అన్నాడు డాక్టరు.
అమ్మ ఆయనకి దణ్ణం పెట్టి,
ఆ బేసినుకీ పెట్టబోయింది.

కావలి పోయే ప్యాసింజరు పెన్న బ్రిడ్జి దాటింది.
గది అవతలి గట్టునే ఉండిపోయింది,
సగం పాఠంతో సహా.

మర్నాడు ట్రంకు రోడ్డులో టిఫిన్ కొట్టు బోర్డు.
టర్పెంటైను డబ్బా మూత తీశాడు నాయన.
నిచ్చెన దిగేలోపే
చొక్కా మీద కక్కేశాడు.
సూదికి ముందు జబ్బకి రాసిన స్పిరిట్ దూదికీ దీనికీ
ఏదో చుట్టరికం ఉందనుకుందేమో ఒళ్ళు.
ఒళ్ళుకి చదువెక్కడిది?

ముప్పయ్యేళ్ళు మాకు కూడు పెట్టిన వాసన అది.
చిన్నప్పుడు నాయన భుజం మీద
నేను నిద్రపోయింది అందులోనే.

మరి సారా?
సారా పాఠంలో లేదు.
గ్లాసు లేదు, సూది లేదు,
కవరు మూల పంటితో కొరికి
ముక్కు మూసుకుని...
నెల తిరక్కుండానే.

ఆ రాత్రి అమ్మ ఏడవలా.
రసీదులన్నీ చాప మీద పరిచి లెక్కేసింది.
మూడు వేలా నాలుగొందలు.

ఒకరోజు అడిగేశా.
గోళ్ళ సందున ఎండిన ఎర్రరంగు గిల్లుకుంటా అన్నాడు:
"వద్దనడం నేర్పారు గానీ పాపా,
వద్దన్నాక సాయంత్రం ఆరింటికి
ఏం చెయ్యాల్నో
ఎవురూ చెప్పలా."

ఆరింటికి.
ఇంటికి పోదామంటే ఇంకా పొద్దుంటది,
గోడకి గీత గీద్దామంటే అప్పటికే మసక.

ఇప్పుడు నాయన సుద్దతో అక్షరాలు గీస్తాడు.
సుద్దకి వాసన లేదు.
లోపల రంగు నేను నింపుతా.
గాలి తిరిగితే లేచి కానుగచెట్టు అవతలికి పోయి
అక్కణ్ణించే అరుస్తాడు,
"సున్నా గుండ్రంగా రావాల!"

కొన్ని సాయంత్రాలు వస్తాడు.
కొన్ని రాడు.
నిన్న రాలా.
'శ్రీ అంకమ్మ టిఫిన్ సెంట' దాకా రంగేశా.
చివరి అక్షరం సుద్దలోనే ఉంది,
చినుకు పడితే పోద్ది.
కింద మూల 'చెంచు ఆర్ట్స్' అని రాసుకునేది
ఎప్పుడూ ఆయనే.
జానెడు జాగా వదిలిపెట్టి
నిచ్చెన దిగా.