ఉలవల లెక్క

ధనుర్మాసం. పెళ్లిళ్లు లేవు.
కంటోన్మెంటు బేండోళ్లు కూడా
బూరాలు గోనెల్లో కట్టేసినారు.
నీకు మాత్రం, సుక్కా,
తెల్లారకముందే ఊరేగింపు:
పాక సుట్టూ నాలుగు తిరుగుళ్లు,
రేకు తలుపు మీద ఓ తన్ను.

సన్యాసప్పడంటాడు,
"సలికాలం, సోలెడు ఉలవలెయ్యే!"
ఆడికేటి తెల్సు.
గాలి పీల్సి బలిసే జాతి నీది.
రగ్గులాటి బొచ్చు కింద అరసెయ్యి దూర్చి
పక్కటెముకలు ఎతుకుతాను.
కార్తీకంలో లెక్కెట్టినాను,
ఇప్పుడు తడుముకోవాల్సొస్తంది.
డాట్రు బాబు మరీ మరీ సెప్పినాడు,
మెడ మీద కొవ్వు గట్టిపడితే
మంట దిగేది గిట్టల్లోకని.

అందుకే ఒట్టి ఎండుగడ్డి. అదీ నీళ్లలో ముంచి, పిండి,
కోనాడ నుంచి తెచ్చిన పాత వలలో కుక్కి
దూలానికి కడతాను.
సేపలు తప్పించుకున్న కన్నాల్లోంచి
ఒక్కో పోచ లాక్కో,
రాత్రి పొడుగు కదా.

పొద్దున్న మంచులో గంటస్తంభం దాకా పరుగు.
ముందు నీ ముక్కుల పొగ, ఎనక నా దగ్గు.
టీ బడ్డీ కాడ ఎవులో అన్నారు,
"గుర్రం కడుపు మాడుస్తంది, పాపిష్ఠిది."
నీ డొక్కలు సూసి నవ్వినాను.

రాత్రి నవ్వు రాలేదు.
ఉలవచారు కాసినాను.
నీళ్లు మాకు, గింజలు నీకు,
మా మావ నాటి లెక్క అది.
ఈయేడు గింజలు పక్కింటి ఆవుకి తీసిపెట్టినాను.
పొంగు వాసనకి గోడ మీంచి తలెట్టి
రెప్పెయ్యకుండా సూసినావు.
ముద్ద నోటికాడ ఆగిపోయింది.

లేచి, ఓ గుప్పెడు,
కాదు, గుప్పెట్లో సగం,
కొంగున ఏసుకుని వొచ్చినాను.
డాట్రు బాబుకి సెప్పకు.
రేపు ఇంకో మైలు పరిగెడదాం.