కిరాణా పద్దు

ఆ రాత్రి చర్చి హాల్లో అందరం ఏడ్చాం.
కొవ్వొత్తులు, తడి కోట్ల వాసన,
బయట అట్లాంటిక్ హోరు.
హబ్తోమ్ పడవ సంగతి చెబుతుంటే
మాంసం కొట్టు డెక్లన్ కూడా
టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

హబ్తోమ్ ఏడవలేదు.
నీళ్లు ఎన్ని డబ్బాలు, మనుషులెందరు,
ఎన్నో రోజుకి ఎంతమంది తగ్గారు,
కిరాణా పద్దు చదివినట్టు చదివాడు.
తమ్ముడి పేరు దగ్గర మాత్రం
గ్లాసు జరిపాడు, ఒక అంగుళం.

ఏప్రిల్లో డబ్లిన్ నుంచి ఉత్తరం:
చెప్పిన తీరులో బాధ కనబడలేదు, కనుక నమ్మలేం.

అప్పటికి మా కళ్లు ఆరి చాలా రోజులైంది.
నేల మీది మైనం బ్రీడా టూహీ ఒక్కతే గీకింది.
ఆ రాత్రి ఏడవని రెండో మనిషి.
అయ్యో పాపం అనడం ఆమెకి చేతకాదు,
తిట్టడం వచ్చు.
ఉత్తరం రెండుసార్లు చదివి
ఫాదర్ ముందే ఒక మాట అంది,
అది ఇక్కడ రాయను.
అప్పీలుకి పదిహేను రోజులే గడువు.
చేపల వ్యానులో నాలుగు గంటల దారి,
లాయరు, డాక్టరు, మళ్లీ లాయరు.

మూడో గురువారం నేనూ వెళ్లాను.
అతని చేతిలో ఆ గ్లాసంత ఖాళీ చూసి
నాకు మళ్లీ గొంతు పూడుకుపోయింది.
"తర్వాత ఏడుద్దువు గానీ,
ముందా తలుపు గట్టిగా లాగు, సరిగా పడదది."

లాగాను.
మూడోసారికి పడింది.