డూపు దానియేలు

గ్లాస్గోలో ఆ వీధికి ఆ వారం న్యూయార్క్ అని పేరు.
పసుపుపచ్చ టాక్సీలు తెచ్చి నిలబెట్టారు,
ఎర్ర పోస్టు డబ్బాకి నీలం రంగు కొట్టారు.
వాన మాత్రం ఇక్కడిదే,
దానికెవరూ వేషం వెయ్యలేకపోయారు.

నేను సైకిల్ మీద పదకొండు భోజనాలతో వెళ్లాను.
వీపున చదరపు సంచీ, బూట్లలో నీళ్లు.
గొడుగు కింద ఒకమ్మాయి, చెవిలో తీగ, చేతిలో జాబితా,
"డానియెల్?" అంది.
మా అమ్మ పెట్టిన పేరు దానియేలు.
నరసాపురంలో పిలిస్తే అందులో కొంచెం బెల్లం ఉంటుంది.
ఈ దేశంలో ఎవరెలా పిలిచినా పలకడం అలవాటైంది కనక
"యస్ మేడమ్" అన్నాను.
ఆ రెండు మాటలే నా నేరం.

సంచీ తీసుకున్నారు. తడి చొక్కా విప్పించారు.
నల్లకోటు తొడిగి, మెడకి బో టై కట్టి,
నడుంకి ఏదో పట్టీ బిగించి, జుట్టుకి జిగురు రాశారు.
భోజనం తెచ్చినవాడికి ఇంత మర్యాదా,
దొరలు దొరలే అనుకున్నాను.

కథ తర్వాత తెలిసింది:
హీరో ఒక పళ్ల డాక్టరు.
వాణ్ణి గూఢచారి అనుకుంటారు,
అటువాళ్లూ ఇటువాళ్లూ తరుముతారు,
వాడు "నేను కాదు" అన్నకొద్దీ
"అబ్బ, ఎంత గట్టి గూఢచారో" అని మెచ్చుకుంటారు.

నేను మూడో అంతస్తులో, కిటికీ దగ్గర.
కింద అట్టపెట్టెలు. పైనించి చూస్తే అగ్గిపెట్టెలు.
"సార్, నేను నూడుల్స్ తెచ్చినవాణ్ణి" అన్నాను.
డైరెక్టరు పడీ పడీ నవ్వాడు.
"అదీ! ఆ భయమే కావాలి, వీపులో కూడా కనపడాలి" అన్నాడు.

సండే స్కూల్లో చెప్పారు,
దానియేలుని సింహాల గుహలో పడేస్తే
దేవదూత వచ్చి వాటి నోళ్లు మూసేశాడని.
నాకు దూత రాలేదు.
వెనకనించి ఒక చెయ్యి వచ్చింది.

ఎనిమిది మీటర్లు.
గాల్లో ఉన్న మనిషికి బతుకంతా కళ్లముందు తిరుగుతుందంటారు.
నాకు సైకిల్‌కి తాళం వెయ్యలేదని గుర్తొచ్చింది.

అట్టపెట్టెల్లోంచి లేచేసరికి చప్పట్లు.
అవతల ఆరడుగుల తెల్లమనిషి ఒకడు, నిలువునా తడిసి,
నా సంచీ తగిలించుకుని అందరికీ పొట్లాలు పంచుతున్నాడు.
అసలు డానియెల్ అతనే. ఆలస్యంగా వచ్చాడట.
"భోజనాలేవీ?" అని నలుగురు అరుస్తుంటే
ఎవరో సంచీ చేతికిచ్చారట,
అతనూ కాదనలేకపోయాడట.
ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం.
మిగిలిన పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు.

డబ్బు సరిగ్గానే ఇచ్చారు.
ఆ రాత్రి ఫోనులో మెసేజి:
"మీ ఖాతాలోని ఫొటోకీ, భోజనం అందించిన వ్యక్తికీ పోలిక లేదు.
మీరు మీరేనని రుజువయ్యేదాకా పని నిలిపివేయడమైనది."
తొమ్మిది రోజులు
కుడివైపూ, ఎడమవైపూ, టోపీతో, టోపీ లేకుండా
నా మొహం నేనే తీసి పంపాను.
మూడో అంతస్తునించి పడడమే తేలిక.

సినిమా వచ్చింది.
బుధవారం మధ్యాన్నం, వినపడనివాళ్ల కోసం
తెర కింద అక్షరాలు పడే ఆట, టికెట్టు చవక.
నేను రెండున్నర సెకన్లు ఉన్నాను.
వీపు, ఎగిరే కోటు, ఒక బూటు.
బూటు నాదే, మార్చడం మర్చిపోయారు,
మడమ దగ్గర అతుకు గుర్తుపట్టాను.
హాలంతా నవ్వింది.
పక్కావిడ నవ్వీ నవ్వీ పాప్‌కార్న్ నా ఒళ్లో పోసి
నా వైపు చూడకుండానే సారీ చెప్పింది.

మాటలు హీరోవి, పేలుళ్లు కంప్యూటర్‌వి,
పడేటప్పటి కేక మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.
"నేను కాదర్రోయ్, నేను కాదు!"
స్పష్టంగా, నరసాపురం యాసతో సహా.
నలభై మంది విన్నారు.
తెర కింద తెల్లటి అక్షరాల్లో
"అరుపు" అని పడింది.