శుక్రవారం తొమ్మిదింటికి

జీడిపిక్కలు కొట్టే చేతికి
వేలిముద్ర నిలవదు.
కాశీబుగ్గలో ఏ మిషనైనా నన్ను చూసి
"మళ్లీ పెట్టండి" అనే అంటుంది.
ఆముదం రాసినా, బూడిద రుద్దినా
జీడి తన సంతకమే చేసి పోతుంది.
అప్పిచ్చిన రోజు మాత్రం
ఒక్కసారికే పడింది నా బొటనవేలు.
ఇప్పటికీ అదే విడ్డూరం నాకు.

లక్షా పద్దెనిమిది వేల నాలుగొందలు.
దేనికంటే ఏం చెప్పను,
ఆటోకి ఇంజను, ఓ తుఫాను, చెల్లి పురుడు,
మిగతాదంతా అప్పు తీర్చడానికి చేసిన అప్పు.
సోమవారం సంఘం, గురువారం ఫైనాన్సు కుర్రాడు,
మిగిలిన రోజులన్నీ ఫోను.
ఫోనులో అప్పిచ్చినోళ్లకి మొహాలుండవు.
నా మొహం మాత్రం పట్టుకుపోయి
మేస్త్రికీ, మరిదికీ, పాలబ్బాయికీ పంపేరు,
కింద "దొంగ" అని రాసి.
మర్నాడు బట్టీలో ఎవరూ ఏమీ అనలేదు.
పిక్కలు పగిలే చప్పుడొకటే
ఎన్నడూ లేనంత పెద్దగా.

సోంపేట బడిలో ఆయా తులసమ్మ.
నా నంబరు ఆమెకెవరిచ్చారో తెలీదు.
"మా జట్టులోకి రా యమ్మా,
డబ్బులు మాత్రం ఇవ్వం, ముందే సెప్తన్నాను" అంది.

ఐదుగురు. నేను ఆరోదాన్ని.
ఒకరి మొహం ఒకరం ఎరగం.
నెల్లిమర్ల మిల్లులో జనపనార పేనే సన్యాసినాయుడు,
పోలాకి తోవలో లారీ తోలే దాలయ్య,
బొబ్బిలి టైలరు గౌరీశు,
రాజాం దివాకరాచారి –
ఊరందరికీ పుస్తెలు పోసి
ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టినవాడు.

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి
ఊరి పేరు, ఇంకా ఎంత బాకీయో. అంతే.
సలహాలు కూడదు.
దేవుడి బొమ్మలు, గులాబీలు అసలే కూడదు.
విన్నవాళ్లు అనాల్సిన మాట ఒక్కటే:
విన్నాం.

గిన్నెలు తోమే వంకన పెరట్లోకి పోయి
మా ఆయనకి సగమే చెప్పిన అంకెని
మొదటిసారి మొత్తంగా పలికాను.
ఐదు విన్నాంలు వచ్చేయి,
ఒకదాని వెనక లారీ హారను,
ఒకదాని వెనక కుట్టుమిషను.
బాకీ ఒక్క రూపాయి తగ్గలేదు.
నిద్ర పట్టింది.

తర్వాత పిక్క కొడుతుంటే
నోట్లో అంకె నానుతుండేది.
శుక్రవారం చెప్పాలి కదాని
బజ్జీల బండి దాటి నడిచాను,
చీరల కొట్టు దాటి నడిచాను.
ఓసారి దాటలేక కొనేశాను కూడా.
ఆ వారం అంకె పెరిగింది, గొంతు తగ్గింది.
విన్నాం, అన్నారు. ఎప్పుడూ అన్నట్టే.

ఒక వానాకాలం రాజాం పలకలేదు.
ఒక వారం, రెండు వారాలు.
ఎక్కడని వెతుకుతాం? వీధి తెలీదు, ఇల్లు తెలీదు,
తెలిసింది ఆయన అంకె ఒక్కటే.
మూడో శుక్రవారం నా వంతు అయ్యేక
నేనే అనేశాను:
"రాజాం, డెబ్బై రెండు వేలు."
విన్నాం, అంది నెల్లిమర్ల.
ఆపై వారం దాలయ్య అన్నాడు, ఆపై వారం గౌరీశు.
మోసేవాళ్లు మారేరు, అంకె కింద పడలేదు.
ఆరో వారం దగ్గుతూ ఓ గొంతు –
"రాజాం. ఎనభై తొమ్మిది."
ఎందుకు పెరిగిందని ఒక్కరూ అడగలేదు.

నా ఆఖరి కిస్తీ రోజున
ఆఫీసు కుర్రాడు నా వేలు పట్టుకుని
నాలుగుసార్లు నొక్కి, కొంగుతో తుడిపించి, విసిగి,
"సంతకం పెట్టెయ్యమ్మా" అన్నాడు.
కడుతుంటే మాత్రం నన్నెరగదు ఆ మిషను.

ఇరవై ఏళ్లుగా జీడిపప్పు ఒలుస్తున్నాను,
కొని తిన్నది లేదు.
వంద గ్రాములు బద్దలు కొనుక్కుని
పలాస స్టేషను బెంచీ మీద కూర్చున్నాను.
రెండు రైళ్లు పోయేయి.
సగం పొట్లం అలాగే మిగిలింది.

తొమ్మిదయింది.
సున్నా అనాలంటే
సున్నుండ నోట్లో ఉన్నట్టు, మాట పెగలదు.
"కాశీబుగ్గ" అన్నాను, ఆగేను.
వాళ్లూ ఆగేరు.
కుట్టుమిషను కూడా ఆగింది.