నేల తాలూకు కష్టం

మంగళవారం రాత్రి ఏడింటికి
ఆల్డర్ బెండ్ టౌన్ హాల్లో
మడత కుర్చీలు పద్నాలుగు, మనుషులు తొమ్మిది మంది.
హీటరు దగ్గుతోంది.
నేను మినిట్స్ రాసేదాన్ని.
ఎవరేం మాట్లాడినా
నా చేతిలోంచి సన్నబడి బయటికొస్తుంది.

మొదటి దరఖాస్తు: తాళాలు, బూట్ల మరమ్మతు.
వెండెల్ ప్రుసాక్. వయసు రాయం.
బోర్డు పన్నెండడుగుల ఎత్తు దాటకూడదని చట్టం,
ఆయనకి ఇరవై కావాలి.

"ఎందుకు?" అన్నాడు ఛైర్మన్.

ప్రుసాక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని
మొదలెట్టాడు:
బైపాస్ పడ్డాక రోజుకి ముగ్గురొస్తే ఎక్కువ,
ఇర్మా మందులకి నెలకి...

ఛైర్మన్ చెయ్యెత్తాడు, కోపంగా కాదు,
ఎక్కం తప్పు చదివే పిల్లాణ్ణి పంతులు ఆపినట్టు.
"కష్టం నేలదై ఉండాలండీ.
మనిషి కష్టానికి మినహాయింపు ఇచ్చే అధికారం
మాకు లేదు. సెక్షన్ పదకొండు."

ఇర్మా పేరు
నా కాగితం మీద మొదటి అక్షరం దగ్గరే ఆగింది.

ప్రుసాక్ కాసేపు టోపీ లోపలి కుట్టు చూసుకున్నాడు.
ఆ తర్వాత నేల గురించి చెప్పాడు.
రోడ్డు కన్నా నాలుగడుగులు పల్లం.
పడమటి వైపు కొత్తగా గట్టు పోశారు.
వానొస్తే నీళ్లన్నీ దాని ఒళ్లోకే.
పోయేవాళ్లకి నడినెత్తే గానీ మొహం కనబడదు.
ఎవరూ ఆగరు దాని దగ్గర.
రాత్రుళ్లు మరీ కష్టం.
ఇదివరకు బాగానే ఉండేది, అన్నాడు,
నేల.

హీటరు కూడా ఓసారి ఊరుకుంది.
అంతా నేల పేరునే రాసుకున్నాను.

వెనకింటి లోర్నా టీగ్ లేచింది.
"ఆ ఎర్ర వెలుతురు నా వంటింటి గోడ మీద పడుతుంది.
నలభై ఏళ్లుగా నా కిటికీలో చుక్కలున్నాయి.
వాటి తరఫున దరఖాస్తు ఎవరు పెడతారు?"
అదీ రాశాను, చుక్కలు తీసేసి:
వెలుతురుపై అభ్యంతరం.

శనివారం బెలూన్ పరీక్ష.
ఇరవై అడుగుల దారం,
కొసన పుట్టినరోజుల బెలూన్, ఎర్రది దొరక్క పసుప్పచ్చది.
సభ్యులు ఐదుగురూ గట్టు మీద,
చేతులు కోటు జేబుల్లో.
సరస్సు గాలి దాన్ని పడుకోబెడుతుంది,
అది లేస్తుంది, మళ్లీ పడుకోబెడుతుంది.
ఇరవై అడుగులు ఒక్క నిమిషం కూడా నిలవలేదు.
దారం పట్టుకుంది లోర్నా.
ప్రుసాక్ వేళ్లు వణకడం చూసి
తనే లాక్కుంది.

"పదిహేడు చాలదూ?" అంది, పైకి చూస్తూ.
"చాలు" అన్నాడు, కిందికి చూస్తూ.

మూడుకి రెండు ఓట్లు. పదిహేడడుగులు.
రాత్రి తొమ్మిదికి ఆర్పెయ్యాలి.
కారణం రాసే గడిలో:
స్థలం పల్లంగా ఉన్నందున.
నేలకి నోరు లేదు కనక
కాదనలేదు.

డిసెంబరులో ఓ రాత్రి
ఆ దారినే ఇంటికి పోతూ బండి ఆపాను.
తాళాలు అన్న మాట నిండుగా వెలుగుతోంది.
బూట్లలో ఒక అక్షరం అప్పుడే చచ్చిపోయింది.
మంచు ఎర్రగా ఉంది గుమ్మం దాకా.
లోర్నా ఇంటి నుంచి దుకాణం వెనక తలుపు దాకా
ఎవరో తవ్విన సన్నని దారి.

తొమ్మిదయింది.
తొమ్మిదింబావయింది.
ఆరలేదు.
లోర్నా వంటింటి కిటికీకి తెర తీసే ఉంది.

ఉల్లంఘన. తేదీ, సమయం రాసుకోవాలి.
పెన్ను చేతిలోనే ఉంది.
చలికి సిరా గడ్డకట్టి ఉంటుందనుకుని,
రాసి చూడకుండానే,
బండి తీశాను.